ఆపరేషన్ తేదీ సంగతి తర్వాత, ముందు కాలు చాపు

ప్రకాశం జిల్లా నుంచి ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వద్దంది. పొడవాటి ఉత్తరం, ముఖ్యమైనంత వరకు ఇక్కడ ఇస్తున్నాను.

వయసు 22. డిగ్రీ అయింది, కానిస్టేబుల్ ఉద్యోగం కోసం తయారవుతోంది. సంక్రాంతి కబడ్డీ పోటీల్లో రైడ్‌కి వెళ్లి వెనక్కి తిరుగుతుండగా అవతలి జట్టు పిల్ల చీలమండ పట్టేసింది. పాదం మట్టిలో నాటుకుపోయింది, ఒళ్లు తిరిగింది, మోకాలు లోపలికి వంగిపోయింది. టప్‌మన్న చప్పుడు తనకే కాదు, గీత బయట నిలబడ్డ కోచ్‌కి కూడా వినిపించిందట. గంటన్నర తిరక్కుండానే చిప్ప కనపడనంతగా వాచిపోయింది. అక్కడే ఎవరో పెద్దాయన "నరం పక్కకు జరిగింది, లాగితే సర్దుకుంటుంది" అంటూ కాలు పట్టుకుని గట్టిగా లాగాడు. ఇంటికొచ్చాక అమ్మ వేణ్నీళ్ల కాపడం పెట్టి, నువ్వులనూనెతో మర్దన చేసి, చింతపండు, ఉప్పు, పసుపు ఉడికించి పట్టు వేసింది. రాత్రి ఆర్‌ఎంపీ వచ్చి నడుముకు సూది వేశాడు. మూడో రోజు ఒంగోలు వెళ్లారు. ఎక్స్‌రేలో ఎముకలు బాగానే ఉన్నాయన్నారు. ఎమ్మారైలో, ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీల్లో (లిగమెంట్లలో) కీలు నడిమధ్య ఉండే ఏసీఎల్ పూర్తిగా తెగిందనీ, లోపలి పక్కనుండే ఎంసీఎల్‌కి గ్రేడ్ 2 అంటే కొంతవరకు చిరుగు అనీ, లోపలివైపు మెనిస్కస్‌లో చిన్న చీలిక అనీ వచ్చింది.

ఇప్పటికి ఐదు వారాలు. కర్ర లేకుండా నడుస్తోంది. కానీ కాలు పూర్తిగా చాపుకోలేకపోతోంది, మోకాలి కింద దిండు పెట్టుకుంటేనే నిద్ర పడుతోంది. ఒకసారి బాత్రూమ్ మెట్టు దిగి పక్కకు తిరగబోతే మోకాలు జారినట్టయింది. హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో ఆపరేషన్‌కి అడ్వాన్సు కట్టేశాడు, ఇంకో పదిహేను రోజుల్లో తేదీ. పెళ్లి కావలసిన పిల్లకు మోకాలి ఆపరేషనంటే సంబంధాలు వెనక్కి పోతాయని అమ్మ. పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టిద్దామని మేనత్త. నీక్యాప్ వేసుకుని రెండు నెలల్లో గ్రౌండ్‌లో దిగమని కోచ్. నాన్న ఏమీ మాట్లాడడు. "మేడమ్, ఆపరేషన్ లేకుండా నా మోకాలు బాగవుతుందా? మొదటి రాత్రి మేం చేసిన పనుల వల్లే చెడిపోయిందా? అదే మాట అనుకుని అమ్మ రోజూ ఏడుస్తోంది" అని ముగించింది.

అమ్మాయీ, నా కూతురికంటే చిన్నదానివి, అందుకని నువ్వు అనే రాస్తాను.

ముందు మీ అమ్మ ఏడుపు ఆపాలి. నీ లిగమెంట్ తెగింది కబడ్డీ కోర్టులోనే, ఆ టప్‌మన్న క్షణంలోనే. కాపడం వల్ల తెగలేదు, నూనె మర్దన వల్ల తెగలేదు. కీలు లోపల నెత్తురు కారుతున్నప్పుడు వేడి తగిలితే రక్తనాళాలు వెడల్పవుతాయి, వాపు ఇంకాస్త పెరుగుతుంది. మర్దనతోనూ అంతే. వాపు దిగడానికి ఇంకొన్ని రోజులు ఎక్కువ పట్టి ఉంటుంది, నీ విషయంలో జరిగిన నష్టం బహుశా అంతవరకే. ఆర్‌ఎంపీ సూది కూడా కీలులోకి కాకుండా నడుముకు వేశాడు గనక దాని గురించి బెంగ వద్దు. ఏం మందు వేశాడో మాత్రం కనుక్కుని రాసిపెట్టుకో. ఈ నాలుగు ముక్కలూ అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించు.

నీ ఉత్తరంలో నన్ను ఉలిక్కిపడేలా చేసింది కాపడం కాదు, గ్రౌండ్‌లో ఆ లాగుడు. మోకాలి దెబ్బల్లో నరం పక్కకు జరిగి, లాగితే వచ్చి కూర్చోవడమంటూ ఏదీ ఉండదు. ఎముక చిట్లి ఉంటే లాగుడుకి ముక్కలు కదులుతాయి. కీలే తప్పి ఉంటే, పిక్కకూ పాదానికీ నెత్తురు తీసుకెళ్లే పెద్ద ధమని సరిగ్గా మోకాలి వెనక నుంచే పోతుంది, దానికి దెబ్బ తగలొచ్చు. ఆ ధమని మూసుకుపోయి ఆరేడు గంటలు గడిస్తే కాలు దక్కించుకోవడమే కష్టం. నీకు అలాంటిదేమీ కాలేదు, అదృష్టం. కానీ పండగ పోటీల్లో ప్రతి ఊళ్లోనూ ఒక "లాగే పెద్దాయన" ఉంటాడు కాబట్టి, చదివే మిగతావాళ్ల కోసం కాసేపు ఆ మొదటి గంట గురించి చెప్తాను.

మోకాలు మెలిపడి పడ్డవాళ్లను నలుగురూ చంకల కింద చేతులేసి లేపి "నడువు, నడిస్తే సర్దుకుంటుంది" అనకూడదు. కాలు ఏ భంగిమలో ఉంటే నొప్పి తక్కువో ఆ భంగిమలోనే మడిచిన దుప్పటో సంచో ఆనించాలి. పోటీలు జరిగే చోట సోడా బండి ఉండనే ఉంటుంది. ఐసు ముక్కలు తువ్వాల్లో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టి తీసేయాలి. నేరుగా చర్మానికి తగిలిస్తే కాలిన గాయంలాగే బొబ్బలెక్కుతుంది. రెండు మూడు గంటలకోసారి, మొదటి రెండు మూడు రోజులు అలా చేస్తే చాలు. ఐసు మహిమ కూడా మరీ అంత లేదు. 1978లో విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు అన్న సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చిన అమెరికా డాక్టర్ గేబ్ మిర్కినే, చాలా ఏళ్ల తర్వాత, ఐసు వల్ల గాయం మానడం కాస్త ఆలస్యం కావొచ్చని మాట మార్చుకున్నాడు. నొప్పి తగ్గించడానికి ఐసు పనికొస్తుంది కాబట్టి నేను ఇప్పటికీ పెట్టమంటాను, రోజుల తరబడి పెట్టమనను.

క్రేప్ బ్యాండేజీ పిక్క మధ్య నుంచి మొదలెట్టి తొడ సగం వరకు చుట్టాలి. చాలామంది మోకాలి మీద మాత్రమే బిగించి చుడతారు, దాంతో కింద పాదం ఉబ్బుతుంది. వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, రంగు మారినా వెంటనే విప్పి వదులుగా కట్టాలి. పడుకున్నప్పుడు కాలు గుండెకంటే ఎత్తులో ఉండాలి. నొప్పికి పారాసెటమాల్ సరిపోతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఖాళీ కడుపున వేసుకోకూడదు, కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు అసలు ముట్టుకోకూడదు. కాపడం, మర్దన, ఘాటు బాములు, మద్యం తాగడం, "కొంచెం ఆడి చూద్దాం" అనడం, ఇవన్నీ మొదటి మూడు రోజులు బంద్.

108కి ఫోన్ చేసి తీరాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. మోకాలి ఆకారమే మారిపోతే, పాదం చల్లగా పాలిపోయి ఉంటే, పాదం పైకి ఎత్తలేకపోతే, గాయం తెరుచుకుని ఉంటే, వెల్లకిలా పడుకుని మడమ నేల మీంచి లేపడమే రాకపోతే ఆ రాత్రే ఆసుపత్రిలో ఉండాలి. నాలుగు అడుగులు వేయలేకపోయినా, మోకాలు తొంభై డిగ్రీలు వంచలేకపోయినా, చిప్ప మీదగానీ బయటివైపు మోకాలి కిందున్న చిన్న బుడిపె మీదగానీ నొక్కితే ప్రాణం పోయినా, వయసు 55 గానీ అంతకు పైగానీ ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. కెనడాలోని ఒటావా డాక్టర్లు 1990లలో పెట్టిన లెక్క అది, ఇప్పటికీ అత్యవసర విభాగాల్లో వాడుతున్నారు. తర్వాతి రోజుల్లో జ్వరంతో పాటు మోకాలు ఎర్రగా కాలిపోతున్నా, పిక్క వాచి నొప్పి పెట్టినా ఆలస్యం చేయకూడదు. మొదటిది చీము కావొచ్చు, రెండోది రక్తనాళంలో గడ్డ కావొచ్చు.

ఇక నీ దగ్గరికి వస్తాను. నీ ఎమ్మారై కాగితంలో మూడు వాక్యాలున్నాయి, మూడింటికీ ఒకే బరువు లేదు.

ఎంసీఎల్ మోకాలి లోపలి పక్కన, కీలుకు బయట ఉండే పట్టీ. దానికి నెత్తురు బాగా అందుతుంది, గ్రేడ్ 2 అయినా సాధారణంగా కోత లేకుండానే నెలా నెలన్నరలో అతుక్కుంటుంది. నీకు ఐదు వారాలయ్యాయి గనక అది చాలావరకు కథ ముగించేసుకుని ఉంటుంది. మెనిస్కస్ అంటే తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య మెత్తగా ఉండే నెలవంక ఆకారపు పొర. ఊళ్లో "గుజ్జు" అనేది దీన్నీ దీని చుట్టుపక్కలవాటినీ కలిపే. దాని బయటి అంచుకు నెత్తురు ఉంటుంది, లోపలి అంచుకు ఉండదు. చిన్న చీలికై, మోకాలు పట్టేసినట్టు ఇరుక్కోకపోతే తొందర లేదు. డెన్మార్క్‌లో 18 నుంచి 40 ఏళ్ల లోపు 121 మందిని తీసుకుని, సగం మందికి ముందే మెనిస్కస్ ఆపరేషన్ చేసి, సగం మందితో ముందు వ్యాయామం చేయించారు. ఏడాది తర్వాత రెండు గుంపుల మోకాళ్లూ దాదాపు ఒకేలా ఉన్నాయి. వ్యాయామం గుంపులో నలుగురిలో ఒకరు మాత్రం మధ్యలో ఆపరేషన్‌కి వెళ్లారు.

అసలు పేచీ ఏసీఎల్‌తో. అది కీలు నడిమధ్య ఉంటుంది. తెగిన చోట నెత్తురు గడ్డ కట్టి అతుకు పడాలి, కానీ కీలులోని ద్రవం ఆ గడ్డను నిలవనివ్వదు. అందుకే ఏసీఎల్ దానంతటది అతకదని చాలాకాలం అందరం నమ్మాం. కొందరిలో అతుకుతుందని ఈమధ్య స్కాన్‌లలో తేలింది గానీ, ఎవరికి అతుకుతుందో ముందే చెప్పే దారి లేదు. కాబట్టి నీది అతుకుతుందన్న ఆశ మీద ఏమీ నిర్ణయించుకోకు.

అయితే ఏసీఎల్ తెగడం ఒకటి, మోకాలు పట్టు తప్పడం ఇంకొకటి. ఆ పట్టీ చేసే పని కాలి ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా ఆపడం. తిన్నగా నడవడానికి, మెట్లెక్కడానికి, సైకిల్ తొక్కడానికి దాని అవసరం చాలా తక్కువ. పరిగెడుతూ ఠక్కున ఆగి పక్కకు తిరగడానికి అది కావాలి, అంటే కబడ్డీకి కావాలి. తొడ ముందు కండ, వెనక కండ, పిర్ర కండ బలంగా ఉండి సమయానికి బిగుసుకుంటే, ఆ పట్టీ లేని లోటును కొందరి శరీరాలు సర్దుకుంటాయి. కొందరివి సర్దుకోవు. నువ్వు ఏ కోవలోకి వస్తావో ఎమ్మారై చెప్పదు, సర్జన్ చెప్పలేడు, నేనూ చెప్పలేను. రెండు మూడు నెలలు ఒళ్లు వంచి వ్యాయామం చేశాక నీ మోకాలే చెప్తుంది.

ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. స్వీడన్‌లో 18 నుంచి 35 ఏళ్ల 121 మందితో చేసి 2010లో ప్రచురించిన పరీక్ష ఉంది. ఒక గుంపుకు వెంటనే ఏసీఎల్ ఆపరేషన్, ఇంకో గుంపుకు ముందు వ్యాయామం, అవసరమైతే తర్వాత ఆపరేషన్. రెండేళ్లకు చూసినా ఐదేళ్లకు చూసినా రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో గుంపులో ఐదేళ్లకు సగం మంది ఆపరేషన్ చేయించుకున్నారు, మిగతా సగం మందికి ఆ అవసరమే రాలేదు. అందులో వృత్తి క్రీడాకారులను చేర్చుకోలేదని కూడా గుర్తుంచుకో. దీనికి రెండో వైపు కూడా ఉంది. 2022లో బ్రిటన్ నుంచి 316 మందితో ఇంకో పరీక్ష వచ్చింది. దెబ్బ తగిలి చాలాకాలమై, ఇంకా మోకాలు జారుతూనే ఉన్నవాళ్లలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు. రెండూ కలిపి చదివితే, కొత్తగా తెగినప్పుడు వ్యాయామానికి ఒక అవకాశం ఇవ్వడంలో నష్టం లేదు, జారుడు ఆగకపోతే మాత్రం మొండికేయకూడదు.

కాబట్టి "ఆపరేషన్ లేకుండా బాగవుతుందా" అన్న నీ ప్రశ్నకు నేను ఈరోజు అవుననీ కాదనీ చెప్పను. కానీ ఈరోజే మొదలు కావలసిన పని ఒకటుంది, దాని గురించి మీ ఇంట్లో ఎవరూ మాట్లాడడం లేదు. కాలు పూర్తిగా చాపడం.

ఈ రాత్రి నుంచే మోకాలి కింద దిండు తీసెయ్. హాయిగా ఉంటుందని తెలుసు, ఆ హాయే నీ మోకాలిని వంగిన భంగిమలో బిగించేస్తోంది. చివరి ఐదారు డిగ్రీలు చాపడం రాకపోతే నడకలో కుంటు పోదు, తొడ కండ బిగుసుకోదు, రేపు ఆపరేషన్ చేయించుకున్నా మోకాలు బిర్రబిగిసిపోయే ప్రమాదం ఎక్కువ. మంచి సర్జన్ ఎవరైనా, కాలు పూర్తిగా చాపి వాపు దిగాకే కత్తి పట్టుకుంటాడు.

ముందు ఒకటి తేల్చుకోవాలి. కాలు చాపలేకపోవడానికి రెండు కారణాలుంటాయి. నొప్పికీ వాపుకీ భయపడి తొడ వెనక కండ బిగపట్టుకుని ఉండడం ఒకటి. చిరిగిన మెనిస్కస్ ముక్క ఎముకల మధ్య అడ్డం పడడం రెండోది. వెల్లకిలా పడుకుని మడమ కింద మడిచిన తువ్వాలు పెట్టి, మోకాలి కింద ఖాళీ వదిలి, పది నిమిషాలు కాలిని దాని బరువుకే వదిలెయ్. నెమ్మదిగా కొద్దికొద్దిగా కిందికి దిగుతోందంటే మొదటి కారణం, నీ చేతిలో పని. ఎంతసేపున్నా ఒకేచోట ఆగిపోయి, నొక్కితే రబ్బరులా వెనక్కి తంతుంటే రెండోది కావొచ్చు. అప్పుడు మూడు నెలల మాట మర్చిపో, వారంలోపు ఆర్థోపెడిక్ డాక్టరు చూడాలి. ఇరుక్కున్న మెనిస్కస్‌ని వ్యాయామం విడిపించలేదు, అక్కడ ఆపరేషనే సరైన వైద్యం. నీ ఎమ్మారైలో చిన్న చీలిక అన్నారు గనక మొదటిదే అయి ఉంటుందని నా అంచనా. అయినా చేత్తో పట్టి చూసిన డాక్టరు చెప్పాలి.

మొదటిదే అయితే, అదే భంగిమలో మోకాలి వెనక భాగాన్ని మంచానికి నొక్కుతూ తొడ కండ బిగించు. ఐదు సెకన్లు ఆపి వదులు. పది సార్లు ఒక విడత, రోజుకు ఐదారు విడతలు. చిప్పకు కాస్త పైన, లోపలివైపు ఉండే కండ మీద వేళ్లు పెట్టి చూడు. బాగున్న కాలిలో రాయిలా గట్టిపడుతుంది, దెబ్బ తగిలిన కాలిలో మెత్తగా ఉండిపోతుంది. ఐదు వారాల్లో ఆ కండ ఎంత కరిగిందో కుట్టుమిషన్ టేపుతో కొలువు. చిప్ప పై అంచు నుంచి నాలుగు వేళ్లు పైకి గుర్తు పెట్టుకుని రెండు తొడల చుట్టుకొలతా రాసిపెట్టు, పదిహేను రోజులకోసారి మళ్లీ కొలువు. ఆ తేడా తగ్గుతోందా లేదా అన్నదే నీ ప్రోగ్రెస్ రిపోర్టు.

కాలు పూర్తిగా చాపి, మోకాలు వంగకుండా జానెడు ఎత్తు లేపడం వచ్చాక తర్వాతి మెట్టు. మడమ నేల మీద జార్చుతూ మోకాలు వంచడం, వెల్లకిలా పడుకుని నడుము లేపడం, గోడకు ఆనుకుని సగం వరకు కూర్చుని లేవడం, ఒంటికాలి మీద నిలబడడం, అరుగు మెట్టు ఎక్కి దిగడం. ఇంట్లో పాత సైకిలుంటే సెంటర్ స్టాండ్ వేసి, సీటు ఎత్తు పెంచి తొక్కు. ఎంత చేయాలన్నది మర్నాడు పొద్దున మోకాలే చెప్తుంది. నిన్నటికంటే వాపు ఎక్కువుంటే నిన్న అతి చేశావని, అంతే. మానేయకు, సగం తగ్గించు.

ఇవన్నీ కాగితం మీద చదివి చేసేవి కావు. వారానికి రెండుసార్లయినా ఫిజియోథెరపిస్టు కళ్ల ముందు చేయాలి. ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో విచారించు. ప్రైవేటులో అయితే మొదటి రోజే ఒకటి గమనించు. కరెంటు మిషన్ పెట్టి ఇరవై నిమిషాలు పడుకోబెట్టి పంపేస్తుంటే అక్కడ నీ డబ్బు దండగ. నీ చేత చెమటలు పట్టించేవాళ్లే నీకు కావాలి.

ఈ మూడు నెలలూ గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేయడం, బరువులెత్తి తిరగడం వద్దు. నేలబారు మరుగుదొడ్డి అయితే కమోడ్ కుర్చీ ఒకటి కొనుక్కో, పెద్ద ఖర్చు కాదు. మీ అమ్మ పాయా సూప్ పోస్తానంటే తాగు, లిగమెంట్ అతకదు గానీ ఎవరికీ నష్టం లేదు. దానికంటే రోజూ రెండు గుడ్లు, పప్పు, పెరుగు మీద దృష్టి పెట్టమను, కరిగిన కండ తిరిగి రావడానికి అవే కావాలి.

ఇప్పుడు నీ చుట్టూ ఉన్న నలుగురి మాటలూ చూద్దాం.

మీ మేనత్త పుత్తూరు అంటోంది. ఎముక విరిగినవాళ్లు ఎందరో అక్కడికి వెళ్తారు, ఆ నమ్మకాన్ని నేను వెక్కిరించను. కానీ నీకు విరిగింది ఎముక కాదు. కట్టు కట్టి వారాల తరబడి కదలకుండా ఉంచితే, ఇప్పటికే చాపుకోలేని మోకాలు ఇంకా బిగుస్తుంది, ఇప్పటికే కరిగిన తొడ ఇంకా కరుగుతుంది. ఎంసీఎల్ ఎలాగూ అతుకుతుంది గనక "కట్టుతో నయమైంది" అన్న పేరు దానికి వస్తుంది, జారే మోకాలు నీకు మిగులుతుంది.

మీ కోచ్ మాట అన్నిటికంటే ప్రమాదం. లిగమెంట్ లేకుండా ఆడేవాళ్లు ఉన్నారు, నిజమే. వాళ్లలో ఎంతమంది పదేళ్ల తర్వాత మోకాలి నొప్పులతో తిరుగుతున్నారో ఆయన లెక్కపెట్టలేదు. మోకాలు జారిన ప్రతిసారీ మెనిస్కస్ ఇంకొంచెం చిరగొచ్చు. నీకున్న చిన్న చీలికను పెద్దది చేసుకునే సులువైన దారి అదే. మందుల షాపులో దొరికే నీక్యాప్ వెచ్చగా ఉంటుంది, ధైర్యంగా ఉంటుంది, ఎముకను మాత్రం ఆపదు.

మీ అన్నయ్య తొందరలో ప్రేమ ఉంది, అవగాహన తక్కువ. పదిహేను రోజుల్లో, కాలు చాపుకోలేని స్థితిలో చేయిస్తే బిగుసుకుపోయే ప్రమాదం గురించి ఇందాకే చెప్పాను. మోకాలు సిద్ధమయ్యాక చేయిస్తే ఆపరేషన్ మంచిదే. తెగిన పట్టీ స్థానంలో సాధారణంగా నీ తొడ వెనక కండను ఎముకకు అంటించే స్నాయువులోంచి కొంత తీసుకుని అమరుస్తారు, మెనిస్కస్ కుట్టాల్సి వస్తే అప్పుడే కుట్టేస్తారు. కానీ ఆపరేషన్ చేస్తే వ్యాయామం తప్పుతుందని మాత్రం అనుకోవద్దు. తర్వాత కూడా ఇవే వ్యాయామాలు, తొమ్మిది నెలల లోపు మెలికలు తిరిగే ఆటకు వెళ్లకూడదు. ఇప్పుడు చేసే మూడు నెలల కష్టం ఏ దారిలో వెళ్లినా వృథా పోదు, రేపు ఆపరేషన్ అయినా బలంగా ఉన్న తొడతో బల్ల ఎక్కుతావు.

మీ అమ్మ సంబంధాల భయం గురించి ఎక్కువ రాయను. కీహోల్ ఆపరేషన్‌కి మిగిలేది రెండు మూడు చిన్న గుర్తులు, స్నాయువు తీసిన చోట వేలి పొడవంత కోత. మోకాలి మీద గుర్తు చూసి వెనక్కి పోయే సంబంధం పోతేనే మంచిది. దాచి చేయడం మాత్రం వద్దు, తర్వాత అదే పెద్ద గొడవ అవుతుంది.

ఉద్యోగం సంగతి నువ్వు రెండు లైన్లలో రాసి వదిలేశావు గానీ, నీ అసలు దిగులు అదేనని నాకు తెలుసు. ఆంధ్రప్రదేశ్ 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో 1600 మీటర్ల పరుగు తప్పనిసరి, 100 మీటర్లు, లాంగ్‌జంప్‌లలో ఒకటి గట్టెక్కితే చాలు. వచ్చే నోటిఫికేషన్‌లోనూ అదే పద్ధతి ఉంటే నువ్వు 100 మీటర్లు ఎంచుకో. ఒక్క కాలితో ఎగిరి దూకే లాంగ్‌జంప్ ఏసీఎల్ లేని మోకాలికి గండం. తిన్నగా సాగే పరుగు చాలామందికి వీలవుతుంది. వాపు లేకుండా, రెండు తొడల బలం దాదాపు సమానమయ్యాక, ఫిజియో ఒంటికాలి గెంతు పరీక్ష పెట్టి సరేనన్నాక మెత్తటి నేల మీద మెల్లగా జాగింగ్‌తో మొదలెట్టవచ్చు. అది మూడు నాలుగు నెలల మాట. ఇప్పుడే ఆపరేషన్ అయితే పరుగు మొదలెట్టడం దానికంటే కొంత ఆలస్యమవుతుంది. ఈ ఏడాదే పరీక్ష పెడితే నీకు వ్యాయామం దారి కలిసొస్తుంది, ఉద్యోగం వచ్చాక ఆపరేషన్ గురించి తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. కబడ్డీయే నీ ప్రాణం, రాష్ట్ర స్థాయిలో ఆడాల్సిందే అంటావా, అప్పుడు కాలు చాపడం వచ్చాక ఆపరేషన్ వైపే మొగ్గడం తెలివి. ఈ రెంటిలో ఏది నీకు ముఖ్యమో అన్నయ్య చెప్పకూడదు, నేనూ చెప్పకూడదు.

ఒక గీత మాత్రం గట్టిగా గీసుకో. ఇప్పటికి ఒకసారి జారింది, అప్పటికి తొడలో బలం లేదు గనక దాన్ని లెక్కలో వేయను. వ్యాయామం బాగా సాగుతూ తొడ నిండుతున్నాక కూడా మామూలు నడకలో, మెట్ల మీద మోకాలు మళ్లీ మళ్లీ జారితే, లేదా ఏదో అడ్డం పడ్డట్టు ఇరుక్కుపోతే, మూడు నెలలు పూర్తయ్యేదాకా ఆగకు. వెళ్లి ఆపరేషన్ గురించి మాట్లాడు.

అన్నయ్యకు ఫోన్ చేసి ఆపరేషన్ వద్దని చెప్పకు, గొడవవుతుంది. తేదీ వెనక్కి జరిపిద్దామని చెప్పు. ఆసుపత్రివాళ్లను, కాలు పూర్తిగా చాపడం రాకముందే చేస్తే బిగుసుకోదా, మెనిస్కస్‌ని కత్తిరిస్తారా కుడతారా, మూడు నెలలు ఆగితే వచ్చే నష్టం ఏమిటి, అడ్వాన్సు సంగతేమిటి అని నీ తరఫున అడగమను. రెండో అభిప్రాయానికి ఎమ్మారై ఫిల్ములు కూడా తీసుకెళ్లు, రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. తర్వాత చేయించాల్సి వస్తే ప్రభుత్వ పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందో రాదో, ఆ పథకం అమలయ్యే ఆసుపత్రిలో ముందే అడిగి తెలుసుకో. ఈ ఫోన్ నువ్వు కాకుండా మీ నాన్న చేత చేయించు. ఇన్నాళ్లూ మాట్లాడని మనిషి మాట్లాడితే అన్నయ్య వింటాడు.